యంత్రశాలకు ముందు కొలతశాల

తూత్తుకుడి జిల్లా కులశేఖరపట్టణమున దేశపు రెండవ ఉపగ్రహ ప్రయోగకేంద్రమునకు 2024 ఫిబ్రవరి 28వ తేదీన శంకుస్థాపన జరిగినది. ఆ జిల్లాలోనే, ఉత్తర దిక్కున, విళాత్తికుళము తాలూకాలోని నాగలాపురము చుట్టుపట్ల ఇంట తెలుగు, వీధిని అరవము మాటలాడు కుటుంబములు తరతరములుగ నున్నవి. నల్లరేగడి నేల, వాన కెదురుచూచు సేద్యము, కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల పని. చదివిన బిడ్డలకు కోయంబత్తూరో, చెన్నపట్టణమో గతి. మన పాఠకులలో పెక్కురు ఆ దారినే వచ్చినవారు. ఊరినుండి వారికి రాదగిన ప్రశ్న యొకటి గలదు: ఇంజను భాగములను మన షెడ్డులోనే ఏల చేయరాదు? మంచి యంత్రమునకు బ్యాంకు అప్పు పుట్టదా?

ఈ ప్రశ్నను మనకంటె ముందు మన అంతరిక్ష సంస్థయే వేసికొనవలసివచ్చినది. 1974లో ఫ్రెంచి సంస్థతో ఒడంబడిక చేసికొని, రొక్కమునకు బదులు మన ఇంజనీర్ల శ్రమ నిచ్చి, వైకింగ్ ఇంజను విద్యను సంపాదించిరి. మన దేశమున దానికి వికాస్ అని పేరు. చేయు విద్య చేతి కందిన పిదప చేయు చోటు నిర్ణయింపవలెను గదా. సంస్థ తానే పెద్ద కర్మాగారమును కట్టుకొనలేదు. బొంబాయిలోని గోద్రెజ్ సంస్థకును, 1970లో హైదరాబాదున వెలసిన ఎం.టి.ఏ.ఆర్. సంస్థకును ఆ పని నప్పగించెను. రూపకల్పనను, తిరునల్వేలి జిల్లా మహేంద్రగిరిలో మండించి చూచు పరీక్షను మాత్రము తన చేత నుంచుకొనెను. ఈ నిర్ణయము మంచిదని మా అభిప్రాయము. అయినను దానికి చెల్లింపవలసిన మూల్యమొకటి గలదని 2006లో తెలియవచ్చినది.

ఆ సంవత్సరము జూలై 10వ తేదీన శ్రీహరికోటనుండి ఇన్సాట్-4సి ఉపగ్రహముతో లేచిన జి.ఎస్.ఎల్.వి. ఒక నిమిషమైన సరిగా ప్రయాణింపక బంగాళాఖాతముపై నాశమయ్యెను. ప్రక్కనున్న నాలుగు ద్రవ ఇంధన ఇంజనులలో నొకటి నేల విడిచిన క్షణములోనే శక్తి కోల్పోయినది. విచారణ సంఘమువారు కారణమును వెదకి వెదకి ఒక చిన్న నియంత్రకము చెంత నిలిచిరి. వాయుజనకమునకు పోవు ద్రవమును అదుపున నుంచుట దాని పని. మూసియున్న స్థితిలో సయితము అది విడువవలసినదానికంటె ఎక్కువ విడిచినదనియు, అందుచే వాయుజనకములో పీడనము మితిమీరినదనియు తేల్చిరి. తయారీలో తెలియక దొర్లిన పొరపాటే ఇందుకు కారణము కావచ్చుననియు, అది తరువాతి తనిఖీలకును పరీక్షలకును చిక్కక తప్పించుకొన్నదనియు వారి అభిప్రాయము.

పాఠకులు ఈ చివరి మాటను గమనింపవలెను. పొరపాటు చేయని చేయి లేదు. దానిని పట్టుకొనవలసిన కన్ను పట్టుకొనలేకపోయినది. సంఘమువారు సూచించిన మందును చూడుడు. పనిని బయటివారినుండి లాగికొనుమని వారనలేదు. కీలకమైన కొలతలన్నిటిని సంస్థవారే వేరుగ మరల కొలువవలెననిరి. తయారైన ప్రతి ఇరువది ఇంజనులలో నొకదానిని దీర్ఘకాలము మండించి చూడవలెననిరి. మరుసటి యేడు సెప్టెంబరు 2న అదే జాతి వాహనము ఇన్సాట్-4సి.ఆర్. ఉపగ్రహమును విజయవంతముగ మోసికొనిపోయెను.

కొలుచుట యన నేమో చూతము. ఇట్టి భాగములలో తప్పును మైక్రానులలో, అనగా మిల్లీమీటరులో వేయవ వంతులలో, లెక్కింతురు. ప్రపంచమంతట కొలతకు నిర్ణయించిన ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. 35 డిగ్రీల వేడిలో నున్న షెడ్డున నూరు మిల్లీమీటర్ల ఉక్కు ముక్క సుమారు 17 మైక్రానులు పెరుగును. కొలకఱ్ఱయు ఉక్కుదై, అదే వేడిలో నున్నచో కొంత సరిపోవును. ముక్క అల్యూమినియమైనచో ఆ సౌకర్యమును లేదు. కోవిల్‌పట్టి వేసవి నెరిగినవారి కింతకంటె చెప్పనక్కఱలేదు. కోట్లు పోసి తెచ్చిన యంత్రము చెక్కిన ముక్క మంచిదో చెడ్డదో చెప్పుటకు చల్లని గది, త్రిమితీయ కొలతయంత్రము, దానిని నమ్మకముగ నడుపు మనిషి కావలెను. అప్పు కోరువాడు యంత్రపు ధరను వ్రాయును గాని ఈ గది ధరను వ్రాయుట అరుదు. అప్పిచ్చువాడును అడుగడు.

అగ్గిపెట్టెల పనికి ఈ బాధ లేదు. చట్రములు నింపుట, పెట్టెలంటించుట ఇల్లిల్లు తిరిగి సాగిన పని యది. వెలుగని పుల్లను ఎవరైనను పారవేయగలరు. ఆ అనుభవముతో ఇంజను పనిలోనికి దిగువారు మోసపోవుదురని మా భయము.

సొంత కర్మాగారమే మేలను వాదమును మేము తోసివేయుట లేదు. హిందూస్థాన్ ఏరోనాటిక్స్ వారు 208 కోట్ల రూపాయల పెట్టుబడితో బెంగుళూరున క్రయోజెనిక్ ఇంజనుల కర్మాగారమును నెలకొల్పిరి. 2022లో దానిని ప్రారంభించిరి. ఆర్డరులు నిశ్చయముగ వచ్చునని తెలిసిన సంస్థకది తగును. చెన్నపట్టణపు అగ్నికుల్ సంస్థవారు ఇంజను నంతటిని ఒకే ముక్కగా ముద్రించి, 2024 మే 30న ఎగురవేసి చూపిరి. ఈ పద్ధతి వ్యాపించినచో వేఱువేఱుగ చెక్కి అతుకవలసిన భాగములు తగ్గును. నేడు అప్పుచేసి కొన్న యంత్రమునకు రేపు ఆ పని యుండకపోవచ్చును. ముద్రించిన దానికైనను అంచులు నునుపు చేయుటయు, కొలుచుటయు తప్పవు.

మఱియొక సంగతి. కులశేఖరపట్టణమునుండి ముఖ్యముగ నెగురవలసిన ఎస్.ఎస్.ఎల్.వి. వాహనపు మూడు ప్రధాన దశలును ఘన ఇంధనముతో నడచునవి. పొరుగున రేవు వెలసినంత మాత్రమున ద్రవ ఇంజను భాగములకు నాగలాపురము వాకిట గిరాకి నిలువదు.

కావున నేటి స్థితిలో చిన్న షెడ్డువారు ఒంటరిగ ఖరీదైన యంత్రమును కొనరాదని మా సలహా. కోవిల్‌పట్టిలో 1984 నుండి ఇంజనీరింగు కళాశాల యున్నది. అట్టిచోట పదిమంది షెడ్డుదారులు కలిసి వాడుకొనదగిన కొలతశాల ముందు రావలెను. పంపుల భాగములు, నేతయంత్రముల భాగములు అచట కొలువబడి, ఎవరి ముక్క యెంత తప్పుచున్నదో రెండేండ్లు లెక్క వ్రాయబడవలెను. ఆ లెక్క పుస్తకమును చూపగలవానికే యంత్రమునకు అప్పు దొరకవలెను. ఈ నగరమున ఇంజనీర్లు, ఆడిటర్లు, బ్యాంకు ఉద్యోగులైన మన పాఠకులు సెలవులకు ఊరు పోయినపుడు బంధువులు యంత్రపు ధరపట్టికను ముందుంచినచో, కొలతగదికి ఎంత వ్రాసితిరని మొదట అడుగుదురుగాక.