పట్టాలు ముందొచ్చాయి, రైళ్లు వెనకబడ్డాయి: బెంగళూరు ఎల్లో లైన్ రద్దీ ఎవరి లెక్క తప్పు?

వానలు మొహం చాటేసిన ప్రతి ఏడూ ఉమ్మడి అనంతపురం జిల్లా చూపు బెంగళూరు వైపే. హిందూపురం, పెనుకొండ, కదిరి ప్రాంతాల ముస్లిం కుటుంబాల్లో అక్కడ పని చేసే కొడుకో, అల్లుడో లేని ఇల్లు తక్కువ. పనికే కాదు, గుండె జబ్బుకూ బెంగళూరే దిక్కు. జయదేవ ఆసుపత్రి, బొమ్మసంద్ర వైపున్న నారాయణ హృదయాలయ పేర్లు ఇక్కడి పల్లెల్లోనూ తెలుసు. ఈ రెండు చోట్లకూ, ఎలక్ట్రానిక్ సిటీకీ కలిపి వేసిన దారే నమ్మ మెట్రో ఎల్లో లైన్.

ఆర్‌వీ రోడ్ నుంచి బొమ్మసంద్ర దాకా 19.15 కిలోమీటర్లు, 16 స్టేషన్లు. 2025 ఆగస్టు 10న ప్రధాని మోదీ ప్రారంభించారు. మర్నాడు జనానికి తెరిచేసరికి చేతిలో ఉన్నవి మూడంటే మూడు రైళ్లు. 25 నిమిషాలకు ఒకటి. సెప్టెంబరులో నాలుగోది చేరాక 19 నిమిషాలు, నవంబరులో ఐదోది వచ్చాక 15 నిమిషాలు అయింది. ఈ లైనుకు అనుకున్నవి మాత్రం 15 రైళ్లు.

లెక్క చూస్తే

ఆరు పెట్టెల రైలు నిండా ఎక్కితే సుమారు 2 వేల మంది పడతారు. 25 నిమిషాలకు ఒకటి చొప్పున గంటకు ఒక వైపు వెళ్లగలిగేది 4,800 మంది. అదే ఐదు నిమిషాలకు ఒకటి తిరిగితే 24 వేలు. పట్టాలు అవే, స్టేషన్లు అవే. పెట్టుబడి అంతా పెట్టి, అందులో ఐదో వంతు మాత్రమే వాడుకున్నట్టు.

రైళ్లు ఎందుకు ఆలస్యం?

చైనాకు చెందిన సీఆర్‌ఆర్‌సీ కంపెనీకి 2019లోనే 216 పెట్టెల ఆర్డర్ దక్కింది. పెట్టెలు చాలావరకు మన దేశంలోనే తయారు కావాలి. అందుకు మన శ్రీసిటీలో ఫ్యాక్టరీ పెట్టాలనుకున్నారు. 2020 ఏప్రిల్‌లో పొరుగు దేశాల పెట్టుబడులకు కేంద్రం ముందస్తు అనుమతి తప్పనిసరి చేయడంతో ఆ ఫ్యాక్టరీ రాలేదు. చివరికి పని బెంగాల్‌లోని టిటాగఢ్ సంస్థ చేతికి వెళ్లింది. చైనా నుంచి మొదటి రైలు వచ్చింది 2024 ఫిబ్రవరిలో. ఈలోగా వంతెనలు, స్టేషన్లు పూర్తయి కూర్చున్నాయి.

ఒకే ద్వారం

రెండో సమస్య డిజైన్‌ది. కాగితం మీద ఎల్లో లైన్ మూడు చోట్ల వేరే లైన్లతో కలుస్తుంది. ఆర్‌వీ రోడ్‌లో గ్రీన్ లైన్, జయదేవలో పింక్, సిల్క్ బోర్డులో బ్లూ. లైన్ తెరిచిననాటికి పింక్, బ్లూ రెండూ నిర్మాణంలోనే ఉన్నాయి. దాంతో మారాల్సిన జనమంతా ఆర్‌వీ రోడ్ మీదే పడ్డారు. గ్రీన్ లైన్ రైళ్లు వెంటవెంటనే వచ్చి జనాన్ని దింపుతుంటే, మెట్లెక్కి వెళ్లినవాళ్లు ఒక్క ఎల్లో రైలు కోసం గుమిగూడాల్సి వచ్చింది. స్టేషన్ ఎంత పెద్దగా కట్టినా ఈ తేడాను మింగలేదు.

మన వైపు నుంచి వెళ్లేవాళ్లకు తగిలే దెబ్బ ఇక్కడే. యశ్వంత్‌పురలో రైలు దిగి గ్రీన్ లైన్ పట్టుకుంటే ఆర్‌వీ రోడ్ దాకా నేరుగా పోవచ్చు. ఆ తర్వాత గుండె జబ్బున్న అబ్బాజాన్‌ను పట్టుకుని, మెడికల్ ఫైలు సంచి మోసుకుని, ఆఫీసు వేళ జనంలో నిలబడాలి. బుర్ఖాలో చంటిబిడ్డతో ఉన్న ఆడవాళ్లకు ఆ తోపులాట ఇంకా కష్టం. 25 నిమిషాలకు ఒక రైలున్న రోజుల్లో, జుమా రోజు భోజనం విరామంలో మసీదుకు వెళ్లి రావాల్సిన కుర్రాడికి ఒక్క రైలు తప్పితే విరామంలో సగం పోయినట్టే ఉండేది. ఆసుపత్రికి వెళ్లేవాళ్లు ఉదయం ఆఫీసు రద్దీకి ముందే ఆర్‌వీ రోడ్ దాటేలా చూసుకోవడం మేలు.

చార్జీలు మాత్రం ఆగలేదు. 2025 ఫిబ్రవరిలో నమ్మ మెట్రో గరిష్ఠ టికెట్ 60 రూపాయల నుంచి 90కి చేరింది. చార్జీ పెంచినప్పుడు నిలబడే చోటు కూడా పెరగాలని అడగడం తప్పు కాదు.

మనకేంటి?

ఈ తిప్పలు కొత్తవి కావు. ఇదే నమ్మ మెట్రో 2011లో మూడు పెట్టెల రైళ్లతో మొదలై, ఆరు పెట్టెల రైలు చూడటానికి 2018 దాకా ఆగింది. హైదరాబాద్‌లో 2017 నుంచి మూడు పెట్టెల రైళ్లే తిరుగుతున్నాయి, ప్లాట్‌ఫాంలు మాత్రం ఆరింటికి సరిపడా ఉన్నాయి.

ఆంధ్రప్రదేశ్ ఇప్పుడు విశాఖలో 46.23, విజయవాడలో 38.4 కిలోమీటర్ల మెట్రోకు సిద్ధమవుతోంది. ఎన్ని కిలోమీటర్లు అని అందరూ అడుగుతారు. ప్రారంభం రోజున ఎన్ని రైళ్లు ఉంటాయి, ఎన్ని నిమిషాలకు ఒకటి వస్తుంది అని టెండర్ నాడే అడగాలి. రిబ్బన్ కత్తిరించాక అడిగితే జవాబు ప్లాట్‌ఫాం మీద క్యూలోనే దొరుకుతుంది.