ప్రాణం నిలవాలంటే దూరం తగ్గాలి

చర్ల నుంచి భద్రాచలానికి దాదాపు 60 కిలోమీటర్లు. అక్కడి నుంచి ఖమ్మం చేరాలంటే మరో 100 కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. గుండెపోటు వచ్చినవారికి ఈ దూరమే మృత్యువు. రక్తనాళంలో గడ్డ అడ్డుపడిన కొద్దిసేపటికే గుండె కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. గడ్డను కరిగించే మందు తొలి గంటల్లో అందితేనే ఎక్కువ మేలు. 12 గంటలు దాటితే దానివల్ల ప్రయోజనం దాదాపు శూన్యం.

అయినా ఛాతీనొప్పిని ‘గ్యాస్’ అనుకొని సోడా తాగి పడుకునేవారు మనలో ఎందరో! ఛాతీ బిగబట్టి, నొప్పి చేతికో దవడకో పాకి, చెమటలు పడితే వెంటనే 108కు ఫోన్ చేయాలి. స్త్రీలలో, మధుమేహ రోగుల్లో ఒక్కోసారి ఆయాసం మాత్రమే కనిపించవచ్చు.

52 దేశాల్లో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం, తొలి గుండెపోటు ముప్పులో దాదాపు 90 శాతానికి తొమ్మిది అంశాలే కారణమని తేల్చింది. పొగాకు, అధిక రక్తపోటు, మధుమేహం, చెడు కొవ్వు, పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు వాటిలో ఉన్నాయి. దక్షిణాసియా వారికి ఇతరులకన్నా సుమారు ఆరేళ్లు ముందే గుండెపోటు వస్తోందని కూడా అందులో తేలింది. అంటే సంపాదించే చేయి ముందుగా పడిపోతోంది. వేసవిలో ఈ అడవి బిడ్డలకు నాలుగు రూపాయలిచ్చే తునికాకే, బీడీగా మారి పేదవాడి గుండెను కాలుస్తోంది.

మన వంతు పని మనం చేయాలి. జుమా నమాజు తర్వాత నెలకొకసారైనా 30 ఏళ్లు దాటినవారికి బీపీ, షుగర్ పరీక్షలు జరిగేలా మసీదు కమిటీలు ఆరోగ్య సిబ్బందిని పిలవాలి. స్త్రీలకు వేరుగా ఏర్పాటు చేయాలి. పక్కనున్న కోయగూడేన్నీ ఆహ్వానించాలి. వలీమా విందుల్లో డాల్డా, ఉప్పు తగ్గించాలి. గుండె జబ్బున్నవారు రంజాన్‌కు ముందే వైద్యుణ్ణి సంప్రదించాలి. మందులు తమంతట తాము మానరాదు.

అయితే బాధ్యతంతా రోగిపైనే మోపితే అది అన్యాయం. ముస్లింలు అధికంగా ఉన్న ఎన్నో గ్రామాలకు వైద్య సదుపాయాలు కొరవడ్డాయని 2006లోనే సచార్ కమిటీ చెప్పింది. ప్రభుత్వాసుపత్రిలో సకాలంలో అత్యవసర చికిత్స అందకపోవడం 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కుకు భంగమని 1996లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు, సంతోషమే. కానీ ఆసుపత్రికి ప్రాణంతో చేరినవాడికే ఆ కార్డు అక్కరకొస్తుంది.

అందుకే ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈసీజీ యంత్రం, దాన్ని చదవగలిగే సిబ్బంది, భద్రాచలంలో గడ్డ కరిగించే మందు రాత్రింబవళ్లు అందుబాటులో ఉండాలని మేము కోరుతున్నాము. ఇది ముస్లింల కోసమే కాదు, ఈ అడవి అంచున బతికే ప్రతి పేదవాడి కోసం. ఇది దయాభిక్ష కాదు, హక్కు.