ప్రామాణికమన్నారు, మాట పోయింది

ఈమధ్య ఒక సాహిత్య సభలో గోదావరి జిల్లాల పల్లె మాటల్ని సేకరించాలన్న ప్రతిపాదన వచ్చింది. వేదిక మీది పెద్దలొకరు ‘మీది ప్రామాణిక భాషే కదా, మీకు మాండలికమేమిటి?’ అని తోసిపుచ్చారు. సభ చప్పట్లు కొట్టింది. మాకు నొప్పి కలిగించినవి ఆ చప్పట్లే.

కోస్తా మధ్య జిల్లాల చదువరుల మాట పత్రికలకూ పాఠాలకూ ఎక్కింది. దానివల్ల తమ పలుకు చిన్నబోయిందన్న తెలంగాణ, సీమ, ఉత్తరాంధ్ర రచయితల ఆవేదన న్యాయమే. కానీ అచ్చుకెక్కింది రాజమండ్రి వకీలు మాట. సఖినేటిపల్లి రేవులో సరంగు మాట కాదు. పుంత (డొంకదారి), గరువు (మెరక నేల), పర్ర (చవిటి పల్లం) లాంటి మాటలు ఏ పాఠంలో ఉన్నాయి? పుంతలో ముసలమ్మకు మొక్కే ఊళ్లలోనే పుంత అంటే తెలియని పిల్లలు పెరుగుతున్నారు.

మాటల పుట్టుకల దగ్గర ఇంకా అన్యాయం. లాకు సంగతి తెలుసు: 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, కాలవల తలుపులతోపాటు ఇంగ్లీషు మాటా దిగింది. నరసాపురం దగ్గర వశిష్ఠ గోదావరిని దాటించే పంటు అలా తేలదు. ఇంగ్లీషు పంటా, పాంటూనా? పాలకొల్లులో డచ్చివారు, యానాంలో ఫ్రెంచివారు మకాం పెట్టిన తీరమిది. ధ్వని పోలికొక్కటే పట్టుకుని తీర్పు చెప్పేస్తే ఎలా? ఏటి నడిమి దిబ్బను పిలిచే లంక అన్న మాటను చూడగానే సంస్కృతమని ముద్ర కొడతారు. సంస్కృతానికి అది ఎక్కడినుంచి వచ్చిందని ఒక్కరూ అడగరు! మూలం దొరకని మాటకు గొప్పింటి చుట్టరికం అంటగట్టడం పాండిత్యం కాదు, దబాయింపు.

జోసెఫ్ రైట్ 1898–1905 మధ్య ఆరు సంపుటాల ఇంగ్లీషు మాండలిక నిఘంటువు తెచ్చాడు. ఏ మాట ఏ సీమలో పలుకుతారో నమోదు చేయడమే అందులో మొదటి పని. మనకూ భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో దారి వేశారు. వ్యవసాయ పదాల మాండలిక వృత్తిపదకోశం కోసం రైతుల నోటి మాటనే ప్రమాణంగా తీసుకున్నారు. ఆ పద్ధతిలో ఇప్పుడు రేవులూ కొబ్బరితోటలూ తిరగాలి. 2002లో వంతెన రావడంతో ఎదుర్లంక–యానాం మధ్య పంటు అవసరం తీరింది. అక్కడి పనివాళ్ల మాటల్ని ఇప్పుడు ఎవరిని అడగాలి?

మా పత్రికలో వచ్చే సంచికనుంచి ఈ మాటల సేకరణకు రెండు పుటలు కేటాయిస్తున్నాం. మాట, ఊరు, పలికినవారి పని, వాడిన వాక్యం రాసి పంపండి. పుట్టుక ఊహించి పంపవద్దు.