ధర్మమునకు ఊట

ఈ మాసము మా ముచ్చట కంభములోని మా జేజి కన్నులతో మొదలగుచున్నది. ఆమె మా తండ్రిగారి మేనత్త. ఎనుబది యేండ్లకు చేరువయైనది. బియ్యములో రాళ్లేరుటయందు ఆ వీధిలో ఆమెకు సాటి లేకుండెను. అట్టి మనిషి మూడేండ్ల క్రిందట చేటను ప్రక్కకు పెట్టివేసినది. "కండ్లకు మంచు పట్టినట్టుందమ్మా" అని రెండు మూడుమార్లు చెప్పినదట. "వయసు మీద పడింది గదా జేజీ" అని ఇంటివారు ఊరకుండిరి. అదే మంచు ఇంటి యజమాని కన్నులకు పట్టినచో మరునాడే వైద్యునికడకు పరుగెత్తియుందురు. ముసలిదాని చూపుతో ఇంటికి పనిలేదని ఎవ్వరును పైకి అనరు గాని, నడత మాత్రము అట్లే యుండును.

తరువాత ఒక ఉచిత శిబిరమువారు వచ్చి ఒక కంటికి శస్త్రము చేసి పోయిరి. కంటద్దములు కుదరలేదు. అడుగబోగా అడుగుటకు అక్కడ ఎవ్వరును లేరు. వచ్చినవారు దయగలవారే, సందేహము లేదు. దాత యిచ్చిన సొమ్ము ముగియగానే శిబిరమును ముగిసినది. రెండవ కన్ను అట్లే యుండిపోయినది.

కంభము చెరువు ఎరుగని వారుండరు. గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేసి దానిని కట్టించినది వరదరాజమ్మ యను రాణి యని ఆ ప్రాంతమువారు చెప్పుకొందురు. 2020లో దానికి ప్రపంచ వారసత్వ నీటిపారుదల నిర్మాణమను గుర్తింపు వచ్చినది. స్త్రీ పేరుతో నిలిచిన చెరువని మాకించుక గర్వము. అయితే చెరువు కట్టించుట ఒక యెత్తు, ఏటేట దాని కట్టకు మట్టి వేయించుట ఒక యెత్తు. అందుకై రాయలసీమ ప్రాంతములందు పూర్వము దశబంధమను ఏర్పాటుండెను. (1970లో ప్రకాశము జిల్లా ఏర్పడువరకు కంభమును కర్నూలు జిల్లాలోనిదే.) చెరువును బాగుచేయుచుండువారికి దాని క్రింది భూమిలోనో ఫలసాయములోనో కొంత పాలు ముట్టెడిది. దాత గతించినను ధర్మము పస్తుండెడిది కాదు. తన తిండిని తన నీటినుండియే సంపాదించుకొనెడిది.

నేడు సామాజిక వ్యాపారమని పిలువబడుచున్నది దీనికి దగ్గర చుట్టమే. లాభము పంచుకొనుటకు గాక సేవ నిలుచుటకై సొమ్ము గడించుట దాని పద్ధతి. 1976లో మధురలో డాక్టరు గోవిందప్ప వెంకటస్వామిగారు ఉద్యోగము విరమించిన పిదప పదునొకండు పడకలతో అరవింద కంటి ఆసుపత్రిని తెరచిరి. కీళ్లవాతముచే ఆయన వ్రేళ్లు వంకరలు పోయియుండెను. ఆ వ్రేళ్లతోనే వేలకొలది కన్నులకు శస్త్రము చేసిరి. ఇయ్యగలవారు ఇచ్చిరి, ఆ మిగులుతో ఇయ్యలేనివారికి చికిత్స జరిగినది. కంటిలో అమర్చు కటకము విదేశములనుండి వచ్చునపుడు ప్రియమై పేదలకు అందనిదై యుండగా, 1992లో మధురలోనే వాని తయారీ మొదలుపెట్టి ధరను ఎంతయో తగ్గించిరి. అచ్చటి పనులలో పెక్కింటిని నడపువారు పల్లెలనుండి తెచ్చి తరిఫీదిచ్చిన ఆడపిల్లలే.

మన హైదరాబాదులో 1987లో డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు స్థాపించిన సంస్థకు సినిమా నిర్మాత ఎల్.వి. ప్రసాదుగారు స్థలమును, కోటి రూపాయలను ఇచ్చిరి. 2011లో బెజవాడ దాపున తాడిగడపలోను దాని శాఖ ఏర్పడినది. పల్లెలలో చిన్న దృష్టికేంద్రములు పెట్టి, ఆ ప్రాంతపు యువతీయువకులకే ఒక యేడు శిక్షణ యిచ్చి కూర్చుండబెట్టుదురు. మేము దీనినే అన్నిటికంటె మెచ్చుకొందుము. అద్దములు కుదరకున్న అడుగుటకు మరునాడును మనిషి యుండును గదా!

జేజిని కంభములో రైలెక్కించి గుంటూరుమీదుగా బెజవాడకు తీసికొనిపోయి ఇట్టి పద్ధతిగల యొక ఆసుపత్రిలో రెండవ కంటికి శస్త్రము చేయించితిమి. మేము రుసుము చెల్లించితిమి; ప్రక్క బల్లపై కూర్చున్న ముసలమ్మ చెల్లింపలేదు. ఇద్దరికిని శస్త్రము చేసినది ఒక్క వైద్యురాలే. సంగతి విని జేజి, "అయితే మన డబ్బుతో ఆయమ్మకూ కన్నొచ్చినట్టేనా?" అని అడిగినది. అవునంటిమి. "మరి ముందే చెప్పకపోతిరే, సగం బేరమాడమంటిని" అని నొచ్చుకొన్నది.

ఇంతమాత్రమున వ్యాపారము అన్ని బాధలకును మందగునని మేమనము. శుక్లమునకు అరగంట చాలును. ఒకసారి చేసిన తీరిపోవును. మంచముపట్టిన అత్తగారికి రెండు గంటలకొకసారి ప్రక్క మార్చవలెను, పుండ్లు కడుగవలెను, అదియు ఏండ్ల తరబడి. దానికి రుసుమిచ్చి మిగులు చూపువారెవ్వరు? ఆ సేవయంతయు నేడు కోడండ్ర నడుముమీదనే నడచుచున్నది; దానిని ఎవ్వరును లెక్క వ్రాయరు. కేరళలో 1993లో కోళిక్కోడులో మొదలైన ఉపశమన సేవాసంఘమును చూచి, తరువాత ఊరూర ఇరుగుపొరుగువారు చిన్న చందాలతో, వంతులవారీగా రోగుల యిండ్లకు పోవు ఏర్పాటు చేసికొనిరి. అది వ్యాపారము కాదు, అయినను దానికిని ఊట ఉన్నది.

మన పల్లెలలో పొదుపు సంఘములు లేవా? గేదెలకు, కుట్టుమిషనులకు అప్పులిచ్చు ఆ సంఘములే నీటిపరుపు, చక్రాలకుర్చీ, పడకలోనే వాడు మలపాత్ర కొనియుంచి, కలవారికి అద్దెకును లేనివారికి ఊరకను ఇయ్యవచ్చును. అద్దె సొమ్ముతో చినిగిన పరుపు మార్చవచ్చును. నలుగురు వంతు వేసికొని వారమున కొక్క పూట ఆ కోడలికి విడుపు కలిగించినచో ఆమె పుట్టింటికైనను పోయి రాగలదు. గిద్దలూరునగాని మార్కాపురమునగాని ఏ సోదరియైన ఇట్టిది మొదలుపెట్టియున్నచో, ఖర్చు వివరములతో మాకు వ్రాయగోరుచున్నాము. ఈ పుటలోనే ప్రకటింతుము.

ఇంటి పెద్దవారిని నేడే గుమ్మమువద్ద నిలిపి, పది అడుగుల దూరమున నిలుచుండి, ఒక్కొక్క కన్ను మూసి వ్రేళ్లు లెక్కింపుడనుడు. తడబడినచో వయసని ఊరకుండక చూపింపుడు.

జేజి మరల చేట పట్టినది. మొన్న మేము పోయినపుడు వంటయింటి మూలల మసియంతయు చూపి, "ఇన్నాళ్లూ ఈ ఇంట్లోనేనా నేను తిన్నది!" అని కోడలిపై గంటసేపు కేకలు వేసినది. కోడలు మావంక చూచిన చూపు మాత్రము కృతజ్ఞతతో కూడినది కాదు.