నడుం వంగకపోతే బద్ధకమేనా?

"ఒళ్ళొంచి పనిచేస్తే ఏ నొప్పులూ రావు!" నడుం నొప్పి అన్న ఆడవాళ్ళకి మన ఇళ్ళల్లో దొరికే మొదటి మందు ఈ మాటే. కానీ ఒళ్ళు వంచుదామన్నా వంగని వాళ్ళున్నారు. వాకిట్లో ముగ్గేయటానికి వంగలేరు. వెనక నుంచి పిలిస్తే మెడ తిప్పలేక మనిషంతా తిరుగుతారు. నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు పల్లెల్లో ఇలాంటివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళది బద్ధకం కాదు. ఏళ్ళ తరబడి తాగిన ఫ్లోరైడ్ నీళ్ళకి వాళ్ళ వెన్నుపూసల్ని పట్టి ఉంచే మెత్తని కట్లు ఎముకలైపోయాయి.

ఆ కట్లనే డాక్టర్లు లిగమెంట్లంటారు. వాటిలో పూసల వెనక భాగాల్ని కలిపే ఒకటి పసుపుపచ్చగా ఉంటుంది. సాగే నారలు ఎక్కువగా ఉండబట్టే దానికా రంగు. మనం వంగితే సాగి, లేస్తే మళ్ళీ ముడుచుకుంటుంది. జబ్బు మొదలైతే ఆ సాగే నారలు తగ్గిపోయి గట్టి నారలు పెరుగుతాయి. అందులోని కణాలు మెల్లగా మృదులాస్థి కణాల్లా మారతాయి. కాల్షియం పేరుకుంటుంది, రక్తనాళాలు చొచ్చుకొస్తాయి, చివరికి అచ్చమైన ఎముకే తయారవుతుంది. కడుపులో బిడ్డకి ఎముకలు ఏర్పడేది కూడా చాలావరకు ఇలాగే. చోటు కాని చోట జరగటమే ఇక్కడ కీడు.

ఫ్లోరైడ్ లేని చోట్ల కూడా ఈ మార్పు కొందరికి వస్తుంది. జపాన్‌లో దీన్ని ఎక్కువగా గమనించారు. కానీ మన ఫ్లోరైడ్ పల్లెల్లో ఎముక కట్టే కణాల్ని రెచ్చగొట్టేది తాగే నీరే. ఆ ఎముక లోపలి వైపు పెరిగితే వెన్నుపాము నలుగుతుంది. కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, బిగుసుకుంటాయి, నడక తడబడుతుంది, మూత్రం పట్టు తప్పుతుంది. ఆపరేషన్ చేసి ఒత్తిడి తగ్గించవచ్చు గానీ, ఎముకైపోయిన కట్టు మళ్ళీ మెత్తబడదు. అందుకే తొలినాళ్ళలో చెప్పే నొప్పిని వినిపించుకోవాలి.

ఇది మనకి కొత్త సంగతీ కాదు. అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బుందని షార్ట్ అనే డాక్టరు, ఆయన సహచరులు 1937లోనే రాశారు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. 2016లో మొదలైన మిషన్ భగీరథతో ఆ పల్లెలకి కృష్ణా నీళ్ళొచ్చాయి. సంతోషమే. కానీ అంతకుముందు ముప్ఫై, నలభై ఏళ్ళు బోరింగు నీళ్ళు తాగినవాళ్ళ నడుము సంగతేమిటి? నల్లా రాని రోజున మళ్ళీ ఏ నీళ్ళు బిందెలోకొస్తున్నాయి?

జబ్బుకి ఆడా మగా తేడా లేదు. అయితే కానుపులు, చంటిపిల్లలకి పాలు, చాలీచాలని తిండితో ఆడవాళ్ళ ఒంట్లో కాల్షియం ముందే తరిగి ఉంటుంది. ఆపైన పనులన్నీ వంగి చేసేవే. నొప్పి చెబితే వినేవాళ్ళు తక్కువ.

నీళ్ళు కాచి తాగుతున్నాం కదా అనుకోవద్దు. కాస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. గుడ్డలో వడకట్టినా పోదు. లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 వరకు అని మన దేశ ప్రమాణాలు చెబుతున్నాయి. మీ బోరు నీళ్ళలో ఎంతుందో పంచాయతీని అడగండి, పరీక్ష చేయించండి. పనికిరాని బోరింగులకి ఎర్ర రంగు వేయించండి.

అటువంటి ఊళ్ళో ఉన్నా, అక్కడ చాలా కాలం ఉండి వచ్చినా, ఇంట్లో పెద్దవాళ్ళని ఒక్కసారి చూడండి. గడ్డం ఛాతీకి ఆనుతుందా? చేతులు తల వెనక్కి వెళ్తాయా? మోకాళ్ళు వంచకుండా నేల మీది రూపాయి బిళ్ళ తీయగలరా? వీటితోనే జబ్బు తేలిపోదు గానీ, చేయలేకపోతే డాక్టరుకి చూపించి, తాగిన నీళ్ళ సంగతి కూడా చెప్పండి.

ప్రభుత్వం నీళ్ళివ్వటంతో పని అయిపోలేదు. ఇప్పటికే బిగుసుకుపోయిన వాళ్ళని ఇంటింటికీ వెళ్ళి గుర్తించాలి, వైద్యమూ పెన్షనూ అందించాలి. ఇంట్లో మనం చేయగలిగింది ఇంకా చిన్నది. "నడుం పట్టేసిందే" అని అత్తో కోడలో అంటే, చీపురు వాళ్ళ చేతికివ్వకుండా ముందు వినటం.