నిబ్బరం పాఠం కాదు

ఏప్రిల్ నెల సగం దాటిందంటే నాకు ఇప్పటికీ గుండెల్లో గుబులుగా ఉంటుంది. ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చే రోజులవి. నేను ఉద్యోగం వదిలి చాలా కాలమైంది. ఆ పరీక్షలు రాసే పిల్లలు ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ లేరు. అయినా ఫలితాల మర్నాడు దినపత్రిక తెరవడానికి చేయి రాదు. మొదటి పేజీ నిండా ర్యాంకుల ప్రకటనలు ఉంటాయి. లోపల, జిల్లా వార్తల మూలన, నాలుగు వాక్యాల చిన్న వార్తలు ఉంటాయి. రెండూ ఒకే పత్రికలో, ఒకే రోజున. మీరూ గమనించే ఉంటారు.

ఈమధ్య మా ఊళ్ళో ఒక జూనియర్ కళాశాల సభకు నన్ను పిలిచారు. 'విద్యార్థుల్లో మానసిక దృఢత్వం' అన్నది అంశం. నగరం నుంచి వచ్చిన వక్త చక్కగా మాట్లాడాడు. ఓటమికి కుంగిపోకూడదన్నాడు, కష్టాలే మనిషిని రాటుదేలుస్తాయన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నా చూపు మాత్రం వెనుక వరుస మీద పడింది. అక్కడ అధ్యాపకులు ఒళ్ళో జవాబు పత్రాలు పెట్టుకొని, తల వంచుకొని దిద్దుతున్నారు. సాయంత్రం లోపల మార్కులు ఎక్కించాలట. గంటన్నర సేపు సాగిన ఆ సభలో వారి గురించి ఒక్క మాటైనా రాలేదు.

ఇంటికి వస్తూ ఆలోచించాను. దృఢత్వం, స్థైర్యం అని మనం గంభీరంగా అనువదించుకుంటున్న గుణానికి మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఒక మాట ఉంది. నిబ్బరం. 'నిబ్బరంగా ఉండు' అని పెద్దవాళ్ళు అనేవారు. అయితే ఆ మాట అనేవారు పక్కన కూర్చొని, భుజం మీద చేయి వేసి అనేవారు. వేదిక మీద నుంచి మైకులో అనేవారు కాదు. ఆ చేయి తీసేసి మాటను మాత్రం పిల్లల చేతిలో పెడుతున్నామేమోనని నా అనుమానం.

*

ఇతరులను అనే ముందు నా సంగతి చెప్పుకోవాలి.

సుమారు ఇరవై ఏళ్ళ క్రిందట నేను ఒక ప్రైవేటు రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలలో తెలుగు అధ్యాపకుణ్ణి. పేరుకు మాత్రమే తెలుగు. అక్కడి పిల్లల్లో ఎక్కువమంది ద్వితీయ భాషగా సంస్కృతం తీసుకునేవారు. ఆ భాష మీద ప్రేమతో కాదు, నూటికి తొంభై ఎనిమిది వస్తాయని. తెలుగు తీసుకున్న ఒక్క సెక్షనుకు పాఠం చెప్పగా మిగిలిన సమయం నాదే గనుక, నన్ను రాత్రి స్టడీ అవర్‌కు ఇన్‌ఛార్జిగా వేశారు. నూట ఇరవై మంది పిల్లలు, ఒక పొడవాటి హాలు. తల ఎత్తిన వాడిని దించడమే నా పని.

ప్రతి ఆదివారం పరీక్ష. సోమవారం మార్కుల జాబితా గోడ మీదికి వచ్చేది. నెలకొకసారి ఆ మార్కులను బట్టి సెక్షన్లు మారేవి. మంచి సెక్షన్ నుంచి కిందికి దిగినవాడు తన పరుపు, ట్రంకు పెట్టె మోసుకొని అందరి ఎదుటా వేరే గదికి వెళ్ళాలి. అదొక ఊరేగింపులా ఉండేది. ఆ ఊరేగింపుకు కాపలా కాసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఒక రాత్రి, తొమ్మిదిన్నర ప్రాంతంలో, బైపీసీ చదివే కుర్రవాడు నా దగ్గరకు వచ్చాడు. "సార్, ఒక్క నిమిషం మాట్లాడాలి" అన్నాడు. అప్పుడే డీన్ రౌండ్లకు వచ్చే వేళ. స్టడీ అవర్‌లో పిల్లలతో ముచ్చట్లు పెట్టుకున్నానని అంతకు ముందు నెలలోనే నాకు మెమో ఇచ్చారు. "తరువాత రా" అన్నాను. వాడు తల ఊపి వెళ్ళి కూర్చున్నాడు. పదకొండుకు గంట కొట్టారు. నాకు నిద్ర ముంచుకొస్తోంది. తెల్లవారి అయిదుకే మళ్ళీ లేవాలి. వాడి సంగతి మరిచిపోయాను.

తెల్లవారేసరికి వాడు హాస్టల్లో లేడు. మూడు రోజులు వెదికారు. వాళ్ళ నాన్న ఆఫీసు గది బయట బల్ల మీద ఆ మూడు రోజులూ కూర్చొనే ఉన్నాడు. చివరకు ఎక్కడో ఒక రైల్వే స్టేషన్లో దొరికాడు. ప్రాణాలతో దొరికాడు. అది నా అదృష్టం. వాళ్ళ నాన్న టీసీ తీసుకొని, మాకందరికీ నమస్కారం పెట్టి, కొడుకును తీసుకువెళ్ళిపోయాడు. ఆ నమస్కారం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

కొన్నేళ్ళ తరువాత ఒక పెళ్ళిలో వాడే నన్ను గుర్తుపట్టి పలకరించాడు. డిగ్రీ చదివి, చిన్న వ్యాపారం పెట్టుకున్నాడట. భోజనాల దగ్గర ఉండబట్టలేక అడిగాను, "ఆ రోజు నాతో ఏం చెప్పాలనుకున్నావురా?" అని. కాసేపు ఆలోచించాడు. "ఇప్పుడు గుర్తు లేదు సార్. మీరు తరువాత రమ్మన్నది మాత్రం గుర్తుంది" అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు. మామూలుగానే అన్నాడు.

*

ఇందులో నా తప్పు లేదని వాదించడానికి ఇది రాయడం లేదు. నాది తప్పే. కాని ఆ తప్పు చేసిన మనిషి ఏ స్థితిలో ఉన్నాడో చూడకపోతే, అదే తప్పు రేపు మరొకరు చేస్తారు. రోజుకు పద్నాలుగు గంటలు పని చేసి, మెమోకు భయపడి, వేసవి సెలవుల్లో ఊరూరా తిరిగి అడ్మిషన్లు తెస్తేనే జీతం నిలిచే మనిషిని పిల్లల మనసు కనిపెట్టమంటున్నాం. తాను దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టుంది వ్యవహారం.

అధ్యాపకుల బతుకు ఎంత పలచని దారం మీద వేలాడుతున్నదో కరోనా కాలంలో అందరూ చూశారు. 2020 మార్చిలో బడులు మూతపడ్డాక ప్రైవేటు ఉపాధ్యాయులు కూలి పనులకు వెళ్ళారు, కూరగాయలు అమ్మారు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం గుర్తింపు పొందిన ప్రైవేటు బడుల సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. ఆ సాయాన్ని తప్పు పట్టను. ఆకలికి అది అవసరమే. కాని ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పిన మనిషి నెల జీతం ఆగగానే బియ్యం కోసం నిలబడవలసి వచ్చిందంటే, అతడి వెనుక ఏమీ లేదన్న మాట. ప్రభుత్వ బడుల్లో బాధ మరో రకం. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే బోధనేతర పనులు ఉపాధ్యాయులకు అప్పగించరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతుంది. ఆచరణలో ఎన్ని లెక్కలు, ఎన్ని ఫొటోలు, ఎన్ని యాప్‌లు వారి నెత్తి మీద ఉన్నాయో ఏ టీచరమ్మనైనా అడగండి.

అలసిపోయిన పెద్దల వల్ల పిల్లలకు ఏమవుతుందో 2019లో తెలంగాణ చూసింది. ఆ ఏడు ఏప్రిల్ 18న ఇంటర్ ఫలితాలు వచ్చాయి. మూడు లక్షల మందికి పైగా తప్పారు. మార్కుల్లో తప్పులు దొర్లాయని, పరీక్ష రాసినవారికి రాయలేదని వచ్చిందని గగ్గోలు పుట్టింది. ఆ కొద్ది రోజుల్లోనే ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తప్పినవారి పత్రాలన్నిటినీ ఉచితంగా తిరిగి పరిశీలించగా 1,137 మంది ఉత్తీర్ణులని తేలింది.

అందులో ఒక అమ్మాయికి మొదట తెలుగులో సున్నా వచ్చింది. తిరిగి చూస్తే 99. నేను తెలుగు మాస్టారిని గనుక ఆ వార్త దగ్గర చాలాసేపు ఆగిపోయాను. దిద్దినవారి మీద, సరిచూసినవారి మీద చర్యలు తీసుకున్నారు. తీసుకోవలసిందే. కాని మూల్యాంకన శిబిరాల్లో కూర్చున్నవాణ్ణి నేను. సాయంత్రమయ్యేసరికి అంకెలు కళ్ళ ముందు ఈదుతాయి. దిద్దే చేయి ఎంత అలసిపోయిందన్నది ఆ చేతి యజమాని సొంత విషయం కాదు. అది ఒక పిల్ల భవిష్యత్తు కూడా.

*

ఇక్కడ కొందరు పెద్దలు ఒక మాట అంటారు. "మా కాలంలో మేమూ దెబ్బలు తిన్నాం, తప్పాం, మళ్ళీ రాశాం. ఇప్పటి పిల్లలకు ఓర్పు లేదు."

ఈ మాటను తేలికగా తోసిపుచ్చలేను. ఆ కాలపు వాళ్ళలో నేనూ ఉన్నాను. పదవ తరగతి లెక్కల్లో తప్పాను. కాని నేను తప్పిన రోజు ఎక్కడికి వెళ్ళాను? ఇంటికి. నాన్న రెండు తిట్లు తిట్టాడు, అమ్మ అన్నం పెట్టింది, మర్నాడు పొలానికి వెళ్ళాను. నా చదువు కోసం ఎవరూ పొలం అమ్మలేదు. నా ఫోటో ఏ ప్రకటనలోనూ పడాల్సిన పని లేదు. తప్పినవాడు నిలబడడానికి అప్పుడు చోటు ఉండేది. ఆ చోటునే ఇప్పుడు మనం ఓర్పు అంటున్నాం. పైగా, తట్టుకున్నవాళ్ళం గనుకనే ఇవాళ కథలు చెబుతున్నాం. తట్టుకోలేనివాళ్ళు చెప్పడానికి లేరు.

జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. పరీక్ష తప్పడమే కారణంగా నమోదైన మరణాలు 2,248. మిగిలినవాటి వెనుక ఇంటి కలహాలు, అనారోగ్యం, ఒంటరితనం, ఇంకా మనకు తెలియనివెన్నో ఉండి ఉంటాయి. ఏ మరణానికీ ఒకే కారణం ఉండదు. అందుకే 'మార్కుల కోసం చచ్చిపోయాడు' అని తేల్చేయడం ఆ బిడ్డకు చేసే మరో అన్యాయం.

*

ఏం చేయాలన్నది మనకు తెలియక కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001 నాటికే నీరదారెడ్డి కమిటీ ఇంటర్ కళాశాలల్లోని ఒత్తిడిని పరిశీలించింది. ఆ తరువాత మరికొన్ని కమిటీలు వచ్చాయి. 2023 జూలైలో విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న పదిహేడేళ్ళ అమ్మాయి మరణించింది. ఆమె తండ్రి న్యాయం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. 2025 జూలై 25న ఆ కేసులో కోర్టు దేశమంతటికీ పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం వచ్చేదాకా వాటిని పాటించి తీరాలన్నది. వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సిలర్ ఉండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయడం, నలుగురిలో అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం మానుకోవాలి. బోధన సిబ్బందికీ, బోధనేతర సిబ్బందికీ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి.

బ్యాచ్‌ల వాక్యం చదివినప్పుడు పరుపులు మోసుకుంటూ వెళ్ళిన ఆ పిల్లలందరూ నా కళ్ళ ముందు నడిచారు. ఇన్నేళ్ళు పట్టిందా అనిపించింది.

అయితే నాకొక భయం ఉంది. ఖాళీగా ఉన్న తెలుగు మాస్టారిని స్టడీ అవర్‌కు వేసినట్టే, రేపు ఎవరో ఒక మాస్టారి పేరు కౌన్సిలర్‌గా బోర్డు మీద రాసి ఊరుకుంటారేమో! గదికి తాళం, రిజిస్టరులో సంతకం. అలా జరగకూడదంటే కాగితం మీద లేని కొన్ని పనులు కూడా చేయాలని నా అభిప్రాయం.

అధ్యాపకుడి జీతానికీ అడ్మిషన్ల సంఖ్యకూ ఉన్న ముడి విప్పాలి. రాత్రి డ్యూటీ చేసినవారికి మర్నాడు ఉదయం విడుపు ఇవ్వాలి. పిల్లవాడితో మాట్లాడడం పనిలో భాగమని, దానికి మెమో ఉండదని యాజమాన్యం రాతపూర్వకంగా చెప్పాలి. కౌన్సిలర్ దగ్గరకు పిల్లలే కాదు, మాస్టార్లూ వెళ్ళగలగాలి. అక్కడ చెప్పుకున్నది ప్రిన్సిపాల్ చెవిన పడకూడదు. ఫలితాల వారంలో సెలవులని కళాశాలకు తాళం వేయకుండా, తప్పిన పిల్లల ఇళ్ళకు ఫోన్ చేసే మనిషి ఒకరుండాలి. సప్లిమెంటరీ కొద్ది వారాల్లోనే ఉంటుందని, గట్టెక్కితే ఏడాది వృథా కాదని తెలియని ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఆ ఒక్క మాట ఆ రోజున చెప్పేవారు కావాలి.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. ఫలితాల రోజు పిల్లలను ఒంటరిగా వదలకండి. మార్కులు అడగడానికి ముందు అన్నం తిన్నారా అని అడగండి. మనసు మరీ బరువెక్కితే టెలీ మానస్ ఉంది. నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులోనూ మాట్లాడవచ్చు. పిల్లలకే కాదు, మాస్టార్లకు కూడా.

నిబ్బరం పాఠంగా చెబితే వచ్చేది కాదు. ఒకరు నిలబడి ఉంటే వారిని ఆనుకొని ఇంకొకరు నిలబడతారు. నిలబడవలసిన పెద్దవాడి కాళ్ళే వణుకుతుంటే పిల్లవాడు దేన్ని ఆనుకోవాలి? ఆ రాత్రి నేను చేయవలసిన పని పెద్దదేమీ కాదు. పెన్ను కింద పెట్టి, పక్కన కుర్చీ చూపించి, 'చెప్పు నాయనా' అనడం. ఆ మాట అనగలిగే స్థితిలో ప్రతి మాస్టారినీ ఉంచగలిగితే చాలు. తక్కిన సభలు తరువాత పెట్టుకోవచ్చు.