‘వేడి చేసింది’ అనే మాట చాటున

కూలి రేట్ల మీద సంఘం మీటింగులో గొంతెత్తి మాట్లాడే మగవాళ్లు ఒక్క బాధ గురించి మాత్రం నోరు మెదపరు. అందరూ వెళ్లాక మమ్మల్ని పక్కకు పిలిచి చెబుతారు: "మూత్రం పోస్తుంటే మంట అన్నా, గజ్జలు ఒరిసిపోయాయి." ఆసుపత్రికి వెళ్లావా అంటే, "వేడి చేసింది, అదే తగ్గుద్ది" అంటారు.

ఈ ‘వేడి’ చాటున నాలుగైదు జబ్బులు దాక్కున్నాయి. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు.

కొల్లేటి లంకల్లో చేపల పట్టుబడికి వెళ్లినవాడు నడుం లోతు నీళ్లలో గంటల తరబడి వల లాగుతాడు. చుట్టూ నీళ్లే, తాగడానికి గుక్కెడు ఉండవు. తాడేపల్లిగూడెం మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీదీ అదే దాహం. చెమటోడ్చి నీళ్లు తాగకపోతే మూత్రం చిక్కబడి మండుతుంది. ఏళ్ల తరబడి అలాగే సాగితే మూత్రపిండాల్లో రాళ్లు పడతాయి.

తడి నిక్కరుతో పొద్దంతా ఉంటే గజ్జల్లో తామర పడుతుంది. మందుల షాపులో ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజులు దురద ఆగుతుంది, ఆ తర్వాత తామర తొడల దాకా పాకుతుంది. ఒళ్లు తుడుచుకుని పొడి బట్ట కట్టాలి, డాక్టరు రాసిన మందు చెప్పినన్ని వారాలు వాడాలి. పురుగుమందు కొట్టిన చేతులు, చెరువులో సున్నం, బ్లీచింగ్ చల్లిన చేతులు సబ్బుతో కడుక్కోకుండా మూత్రానికి కూర్చుంటే అక్కడి చర్మం కాలినట్టు మండుతుంది.

ముందు చర్మం మాటిమాటికీ పగిలి, ఎర్రబడి, తెల్లటి పొర కడుతుంటే షుగరు పరీక్ష చేయించాలి. షుగరు ఉందని కొందరికి మొదట తెలిసేది ఇలాగే.

మంటతో పాటు చీము కారితే అది సెగ కావచ్చు, అలాంటి మరో అంటువ్యాధి కావచ్చు. షాపువాడిచ్చిన ఒక్క బిళ్లకు అది లొంగకపోవచ్చు. వదిలేస్తే మూత్రనాళం ఇరుకైపోతుంది. భార్యాభర్తలిద్దరూ ఒకేసారి మందు వాడాలి, లేకపోతే ఒకరి నుంచి ఒకరికి మళ్లీ అంటుకుంటుంది. ఆమెకు పైకి ఏమీ కనపడకపోయినా జబ్బు లోపల ఉండొచ్చు. నింద ఆమె మీద వేసి తాను తప్పుకునే మగాణ్ణి సంఘం మెచ్చుకోదు. జిల్లా ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్ పేరుతో ఈ జబ్బులకు విడిగా గది ఉంటుంది. పరీక్ష, మందులు ఉచితం.

చలిజ్వరం వచ్చినా, మూత్రంలో రక్తం పడినా, మూత్రం బిగబట్టినా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. బార్లీ నీళ్లతో, సబ్జా గింజలతో కాలం గడపకూడదు.

2020 డిసెంబరులో ఏలూరు వీధుల్లో వందల మంది మూర్ఛతో పడిపోయారు. అప్పుడు ఢిల్లీ నుంచి నిపుణులు వచ్చారు, నీళ్లు పరీక్షించారు, రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని చెప్పారు. అది నలుగురి కళ్ల ముందు పడిన జబ్బు గనక ప్రభుత్వం కదిలింది. నిక్కరు చాటున దాచుకున్న జబ్బు కోసం ఎవరు కదులుతారు? మనం దాచుకుంటే యజమానికే లాభం. గట్టు మీద ఒక మంచినీళ్ల డ్రమ్ము పెట్టే ఖర్చు అతనికి మిగులుతుంది, ఆసుపత్రి ఖర్చూ పోయిన కూలీ మన నెత్తిన పడతాయి.

2005 నాటి ఉపాధి హామీ చట్టంలో పనిచోట తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స ఉండాలని రాశారు. అడిగి పోరాడితేనే ఆ మాట చట్టంలోకి ఎక్కింది. చేపల చెరువు గట్టు మీద, మిల్లు గోడౌనులో చెమటోడ్చేవాడికి మాత్రం దాహం వేయదా?

అందుకే ఈసారి కూలి బేరంలో రేటుతో పాటు మూడు అడుగుదాం: తాగడానికి మంచినీళ్లు, పని దిగాక ఒళ్లు కడుక్కోవడానికి సబ్బూ నీళ్లూ, ఆసుపత్రికి వెళ్లిన రోజుకు కూలి. ఈ బాధను గట్టు మీద చాటుగా కాదు, మీటింగులోనే చెప్పుకుందాం. సిగ్గుపడాల్సింది మంట పుట్టినవాడు కాదు, మండుటెండలో పని చేయించుకుని గుక్కెడు నీళ్లివ్వనివాడు.